నాయనమ్మ చీర అంచు: ఆరు నిమిషాల చేతి బొమ్మల సినిమా, ఒక కేస్ స్టడీ

చేతితో గీసే యానిమేషన్‌కు ఖర్చెక్కువ అని అందరికీ తెలుసు. ఆ ఖర్చు ఎక్కడ పుడుతుందో మాత్రం, పాతికేళ్ళుగా ఈ పనిలో ఉన్నా, ఈ సినిమా చేసేదాకా నాకు సరిగ్గా అర్థం కాలేదు. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాను. మనుషులను, సంస్థలను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కథలో కొన్ని సంగతులు మార్చాను. లెక్కలు మాత్రం మా రోజువారీ రిజిస్టర్‌లో ఉన్నవే.

నేపథ్యం

మాది హైదరాబాద్‌లో చిన్న స్టూడియో. ఇక్కడ ఈ పరిశ్రమ ఎలా పెరిగిందో తెలిస్తే మేం చేసిన తప్పు కూడా తెలుస్తుంది. నేను ఇన్‌బిట్వీనర్‌గా (ముఖ్యమైన భంగిమల మధ్య బొమ్మలు నింపేవాడిగా) చేరిన రోజుల్లో మా పనంతా విదేశీ టీవీ సీరియళ్ళదే. స్టోరీబోర్డు అక్కడి నుంచే వచ్చేది. పాత్రల మోడల్ షీట్లు కూడా అక్కడి నుంచే వచ్చేవి. ఏ పాత్ర చొక్కాకు ఎన్ని గుండీలు, జుట్టులో ఎన్ని పాయలు అన్నీ వాళ్ళే తేల్చి పంపేవాళ్ళు. మేం లైట్ బాక్స్ (కింది నుంచి వెలుతురు వచ్చే బల్ల) ముందు కూర్చుని గీసి, గడువులోగా తిరిగి పంపేవాళ్ళం. గడువు దాటేలా ఉంటే ఇంకో నలుగురిని పెట్టేవాళ్ళం. మాకు తెలిసిన మేనేజ్‌మెంట్ అంతే.

ఈ సినిమా తెచ్చిన దర్శకురాలు నేత కుటుంబంలో పుట్టిన మనిషి. నాయనమ్మ, మనవరాలు, ఇంట్లో గుంట మగ్గం, ఇదే కథ. ఆరు నిమిషాలు, 71 షాట్లు. బొమ్మలు కాగితం మీద పెన్సిల్‌తోనే గీయాలి, రంగులు మాత్రం స్కాన్ చేశాక కంప్యూటర్‌లో వేసుకోవచ్చు అన్నారు. దాచుకున్న డబ్బుకు ఒక చిన్న గ్రాంట్ కలిపి తెచ్చారు. అదే మొత్తం బడ్జెట్.

అంచనా నేనే వేశాను. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచితే (దీన్నే మేం టూస్ అంటాం) సెకనుకు 12 బొమ్మలు కావాలి. ఆరు నిమిషాలంటే 360 సెకన్లు, అంటే 4,320 బొమ్మలు. కొన్ని షాట్లలో ఇద్దరు కదులుతారు కాబట్టి ఒకటిన్నర రెట్లు వేసుకున్నాను, 6,480 అయ్యాయి. ఇద్దరు యానిమేటర్లు ముఖ్యమైన భంగిమలు రఫ్‌గా గీస్తారు. ఆరుగురు ఆర్టిస్టులు మధ్య బొమ్మలు నింపి, అన్నింటినీ క్లీనప్ చేస్తారు, అంటే రఫ్ గీతలను శుభ్రమైన గీతలుగా తిరిగి గీస్తారు. మనిషికి రోజుకు 20 చొప్పున ఆరుగురికి 120. లెక్క ప్రకారం 54 పనిరోజులు.

ఆ 20 అనే అంకె ఎక్కడిదంటే, పాత సీరియళ్ళ అలవాటుదే. ఈ నాయనమ్మను ఒక్కసారైనా గీయించి చూసి వేసిన అంకె కాదు.

సమస్య బయటపడిన తీరు

క్లీనప్ మొదలైన 12 పనిరోజులకు 1,440 బొమ్మలు రావాలి. రాక్‌లో ఉన్నవి 610. మనిషికి రోజుకు ఎనిమిదిన్నర పడ్డాయన్నమాట. అదే వేగంతో పోతే 54 రోజుల పని 127 రోజులు పడుతుంది. కాగితానికి, పెన్సిళ్ళకు అయ్యే ఖర్చు ఏపాటి? ఈ పనిలో ఖర్చంటే జీతాలే. రోజులు రెట్టింపు దాటితే ఖర్చూ రెట్టింపు దాటినట్టే.

వేగం ఒక్కటే అయితే సర్దుకునేవాళ్ళమేమో. అయిన షాట్లు లైన్ టెస్ట్ చేసి (రంగులు వేయకముందే గీతలను వరుసగా నడిపి) చూస్తే నాయనమ్మ చీర అంచు మీద పురుగులు పాకుతున్నట్టుంది. అంచులో గుడి గోపురాల వరుస, దాని కింద చుక్కలు, వాటికి పైనా కిందా జంట గీతలు. ఆరుగురు ఆరు రకాలుగా గీశారు. ఒక బొమ్మలో గోపురం కాస్త లావు, పక్క బొమ్మలో కాస్త సన్నం. సెకనుకు 12 సార్లు ఆ తేడా మారుతుంటే చూపు ముఖం మీద నిలవడం లేదు. నాయనమ్మ కళ్ళు చెమర్చే షాట్‌లో కూడా అందరం అంచునే చూస్తున్నాం.

మొదట చేసిన పని: మనుషులను పెంచడం

అలవాటు కొద్దీ నలుగురు కాంట్రాక్ట్ ఆర్టిస్టులను తెచ్చాం. ఆరుగురు పది మంది అయితే రోజువారీ లెక్క కూడా ఆ మేరకు పెరుగుతుందనుకున్నాం. మొదటి వారం పెరిగింది కూడా. రెండో వారం నుంచి రీటేక్‌లు పెరగడం మొదలైంది. అంతకుముందు నూరు బొమ్మలకు 14 వెనక్కి వచ్చేవి, ఇప్పుడు 31 వస్తున్నాయి. ఆరు చేతులకే కుదరని అంచు పది చేతులకు ఎలా కుదురుతుంది? యానిమేటర్లిద్దరూ కొత్త షాట్లు పక్కన పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దిద్దుబాట్లలోనే ఉండిపోయారు. నాలుగు వారాల చివర చూసుకుంటే, పనికొచ్చే బొమ్మలన్నీ కలిపి వెయ్యి లోపే.

అసలు కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. కాంట్రాక్ట్ వాళ్ళకు బొమ్మ లెక్కన డబ్బిస్తున్నాం. ఒక రోజు టీ తాగుతుంటే వాళ్ళలో అందరికంటే చిన్నవాడు నెమ్మదిగా అన్నాడు: “అన్నా, మనవరాలి షాట్ పడితే ఆ రోజు కూలి గిట్టుతుంది. నాయనమ్మ షాట్ పడితే సగమే. అందుకే అంచు దగ్గర చెయ్యి తొందరపడుతుంది.”

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నేనే లైట్ బాక్స్ దగ్గర కూర్చున్నాను. పెగ్ బార్‌కు (కాగితాన్ని కదలకుండా పట్టే పట్టీకి) కాగితం తగిలించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, నాయనమ్మ మధ్య బొమ్మ ఒకటి మొదటి నుంచి చివరి దాకా గీశాను. ముఖం, ఒళ్ళు, చీర మడతలు కలిపి 17 నిమిషాలు. గాజులు, ముక్కుపుడక, జుట్టు ముడి 6 నిమిషాలు. అంచు ఒక్కటే 21 నిమిషాలు. మొత్తం 44. టీ, భోజనం, కళ్ళకు విశ్రాంతి పోగా రోజుకు గీసేది ఆరున్నర గంటలు. అంటే తొమ్మిది బొమ్మలు కూడా రావు. రిజిస్టర్‌లో కనిపించిన ఎనిమిదిన్నర ఎవరి బద్ధకమూ కాదు. ఆ బొమ్మకు పట్టే టైమే అంత. అంచు లేకపోతే 23 నిమిషాలు, అంటే రోజుకు 17. నా 20 అప్పుడు కూడా అత్యాశే.

రెండో ప్రయత్నం: బొమ్మలు తగ్గించడం

బొమ్మకు పట్టే టైమ్ తగ్గనప్పుడు బొమ్మల సంఖ్య తగ్గిద్దాం అనుకున్నాం. ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు ఉంచితే సెకనుకు ఎనిమిదే చాలు, మూడో వంతు పని మిగులుతుంది. జపాన్ టీవీ యానిమేషన్ 1963లో తెజుకా ఒసాము సీరియల్ దగ్గర్నుంచి తక్కువ బొమ్మలతోనే నడుస్తోంది కదా, మనమెందుకు చేయకూడదు అన్నారు మా సీనియర్ యానిమేటర్. నేను సరేనన్నాను.

వారం రోజులు పరీక్షించాం. నాయనమ్మ నీళ్ళ బిందెతో వాకిట్లో నడిచే షాట్‌లో కెమెరా ఆమెతో పాటు పక్కకు కదులుతుంది. నేపథ్యం ప్రతి ఫ్రేముకూ జరుగుతుంటే ఆమె మూడు ఫ్రేములకోసారి జరుగుతోంది. దాంతో అడుగులు నేల మీద జారిపోతున్నాయి, ఒళ్ళంతా వణుకుతున్నట్టుంది. తెజుకా పద్ధతిలో తక్కువ బొమ్మలకు తగ్గట్టుగా భంగిమలు, ఆగే చోట్లు ముందే రాసుకుంటారు. మేం మాత్రం టూస్‌కు రాసుకున్న నటనలోంచి మధ్య బొమ్మలు పీకేశాం. ముసలి మనిషి నెమ్మదితనమే ఈ సినిమాకు ప్రాణం. ఆ నెమ్మదితనం తొణకకుండా రావాలంటే ఆ మధ్య బొమ్మలే కావాలి. ఆ పరీక్ష వదిలేశాం.

మూడోది: అంచు తీసేయమని అడగడం

దర్శకురాలిని పిలిచి స్టాప్‌వాచ్ లెక్క ముందు పెట్టాను. పెద్ద స్టూడియోలకు కూడా ఈ పని ఇంత కష్టమేనని చెప్పాను. స్టూడియో జీబ్లీ నిర్మాత తొషియో సుజుకీ 2020లో చెప్పిన లెక్కే తీసుకుంటే, మియజాకీ అప్పట్లో తీస్తున్న సినిమాకు 60 మంది యానిమేటర్లు పనిచేస్తే నెలకు ఒక్క నిమిషం తయారయ్యేది. 1959లో అత్యంత అలంకారంగా తీసిన ‘స్లీపింగ్ బ్యూటీ’కి 60 లక్షల డాలర్లు పెట్టిన డిస్నీ, 1961లో డాల్మేషన్ కుక్కల సినిమా తీసేనాటికి సెల్ (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద చేత్తో ఇంకు గీతలు దిద్దే పని మానేసి, పెన్సిల్ గీతను నేరుగా జెరాక్స్ పద్ధతిలో సెల్‌కు ఎక్కించింది. ఆ సినిమాలో పాంగో ఒంటి మీద 72 మచ్చలు, పెర్డీటాకు 68. అవే మచ్చలు ప్రతి బొమ్మలోనూ రావాలి. “మీ అంచు కూడా అలాంటిదే. తీసేస్తే సినిమా పూర్తవుతుంది” అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “సార్, ఆ అంచు నాయనమ్మ నేసిందే కదా. అది లేకపోతే ఆవిడ ఎవరో ఒక ముసలావిడ.”

ఆ పూట నాకు చిరాకేసింది. రాత్రి ఇంటికి వెళ్ళాక ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఆవిడ చెప్పింది నిజం. అంచు ఉండాలా వద్దా అని అడగడమే నా పొరపాటు. ఏ షాట్‌లో ఉండాలి అని అడగాలి.

పని చేసినవి

మర్నాడు క్లీనప్ మొత్తం ఆపేశాం. రెండు వారాలు కొత్త బొమ్మ ఒక్కటి కూడా గీయలేదు. జీతాలు నడుస్తుంటే పని ఆపడం ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. అయినా, తప్పు పద్ధతిలో రోజుకు యాభై బొమ్మలు గీయడం కంటే ఊరికే కూర్చోవడమే చవక అని నాకు అప్పటికి లెక్కల్లో కనిపించింది.

దర్శకురాలు, సీనియర్ యానిమేటర్, నేను యానిమాటిక్ (స్టోరీబోర్డు బొమ్మలను సినిమా నిడివికి కూర్చిన వీడియో) ముందు కూర్చుని 71 షాట్లనూ ఒక్కొక్కటే ఆపి చూశాం. ప్రతి షాట్ దగ్గరా ఆవిడను ఒకటే అడిగాను: ఇక్కడ చూసేవాళ్ళ కన్ను అంచు మీద పడాలా? పడాలి అంటే ఎర్ర చుక్క. ముందు 30 దాకా వచ్చాయి. రెండోసారి చూస్తే 16, మూడోసారి చూస్తే 9. మనవరాలు అంచును వేలితో తడిమే షాట్, మగ్గం మీద గోపురం మొదటిసారి తేలే షాట్, ఇలాంటివే మిగిలాయి. దూరపు షాట్లలో ముఖమే బొటనవేలి గోరంత ఉంటుంది, అక్కడ గోపురాలు ఎవరికీ కనిపించవు.

మిగతా 62 షాట్లలో అంచు ఎలా ఉండాలి? ఇక్కడ బాపు గారు గుర్తొచ్చారు. ఆయన బొమ్మల్లో నాలుగు గీతల్లో చీరకట్టు తెలిసిపోతుంది, లేని గీతను మన కన్నే పూరించుకుంటుంది. మేం కూడా అంచును ముదురు రంగు పట్టీగా, లోపల ఒకే ఒక్క గీతతో చేశాం. మోడల్ షీట్ కొత్తగా గీశాం. ఈసారి ఆమోదించే ముందు ఆరుగురిలో అందరికంటే నిదానంగా గీసే ఆవిడతో పది బొమ్మలు గీయించి టైమ్ చూశాం. బొమ్మకు 25 నిమిషాలు పట్టింది. దాన్నే అంచనాకు ఆధారం చేసుకున్నాం.

ఆ 9 షాట్లను ఒకే చేతికి అప్పగించాం. జీతం మీద ఉన్న ఆర్టిస్ట్, లెక్క కోసం తొందర అక్కర్లేదు. ఆవిడ అంచును గీసే క్రమమే మార్చేసింది. ముందు భుజం మీద పడే గోపురం ఒకటి స్థిరంగా పెట్టుకునేది. దాన్నిబట్టి కుచ్చిళ్ళ దాకా మిగతా వాటి జాగాలు సన్నని చుక్కలతో గుర్తు పెట్టుకుని, అప్పుడు గీసేది. మడతలోకి పోయే గోపురం ఎక్కడ సగమవుతుందో ప్రతి బొమ్మలో చూసుకునేది. పురుగులు పాకడం ఆగిపోయింది.

ఆ తర్వాత మగ్గం సంగతి. నాయనమ్మ నేస్తూ కనిపించే షాట్లు 14. ప్రతిదీ విడిగా గీయడానికి సిద్ధపడ్డాం, అసలు మగ్గమే ఒక సైకిల్ (మళ్ళీ మళ్ళీ తిరిగే ఒకే కదలిక) అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాడె (పేక దారాన్ని మోసేది) అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, కాళ్ళ కింద పలకలు ఒకటి మార్చి ఒకటి, పేక దారాన్ని దగ్గరికి కొట్టే చప్పుడు. రెండు సెకన్లకు 24 బొమ్మలు గీస్తే అవే తిప్పి వాడుకోవచ్చు. చేసి చూస్తే యంత్రంలా ఉంది. దర్శకురాలు మమ్మల్ని వాళ్ళ బంధువుల మగ్గం దగ్గరికి తీసుకెళ్ళారు. గంటన్నర కూర్చున్నాం. నేసే పెద్దాయన చేతుల లయ తప్పలేదు, మధ్యలో పడుగులో ఒక పోగు తెగితే మాత్రం ఆగాడు. వేళ్ళకు కాస్త బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి మెలేసి, వెలుతురులో ఒక్కసారి చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. వెనక్కి వచ్చాక ఆ ఒక్క ఆగడం మాత్రం విడిగా గీయించాం. సైకిల్ నడుస్తూ నడుస్తూ అక్కడ ఆగితే, నడిచినంతసేపూ మనిషే నేసినట్టు అనిపించింది. 14 షాట్ల బరువు రెండు షాట్ల పనికి దిగింది.

కూర్చుని మాట్లాడే షాట్లలో ఒంటిని విడి లెవెల్‌గా (విడి పొరగా) ఆపి, తల, చేతులు మాత్రం కదిలించాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆపిన బొమ్మ పక్కనే కదిలే బొమ్మ ఉంటే ఆపినది చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని ఆపిన ఒంటినే మూడుసార్లు ట్రేస్ చేసి ఆ మూడింటినీ తిప్పాం. గీత సన్నగా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. అంచు సాదాగా మారింది కాబట్టే ఇది కుదిరింది, పాత అంచుతో మూడు ట్రేసింగ్‌లు తిప్పితే మళ్ళీ పురుగులే.

ఇవన్నీ అయ్యాక కొత్తగా గీయాల్సిన మొత్తం 6,480 నుంచి 4,100 దగ్గరికి వచ్చింది.

ఆమోదాల సంగతి

ఇది ఖర్చులో ఇంకో పెద్ద చిల్లు. నాయనమ్మ మనవరాలికి జడ వేసే షాట్ ఎనిమిది సెకన్లు, 96 బొమ్మలు. దాన్ని మూడుసార్లు క్లీనప్ చేశాం. దర్శకురాలు రఫ్ లైన్ టెస్ట్ చూసి బాగుందనేవారు, క్లీనప్ అయ్యాక “చెయ్యి ఇంకా మెల్లగా రావాలి” అనేవారు. అప్పటి వేగంతో 96 బొమ్మలంటే ఒక మనిషికి 11 రోజుల పని. రెండుసార్లు అలా పోయింది. రిజిస్టర్‌లో దీన్ని ‘క్లయింట్ మార్పు’ అని రాశాం, అది తప్పు. ఆవిడకు రఫ్ గీతలు చదవడం రాదు, మేం నేర్పలేదు. చిందరవందరగా ఉన్న గీతలను చూసి, ఇది ఇంకా పూర్తికాలేదు, తర్వాత సరవుతుందిలే అనుకునేవారు.

రెండు సాయంత్రాలు ఆవిడను యానిమేటర్ పక్కన కూర్చోబెట్టాం. కాగితాల కట్టను వేళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే జార్చి కదలిక చూడడం, ఎక్స్‌షీట్ మీద ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉందో చదవడం నేర్చుకున్నారు. మూడో రోజు జడ షాట్ రఫ్ తానే తిరగేసి, “ఈ నాలుగు బొమ్మల దగ్గర చెయ్యి తొందరపడుతోంది” అని వేలు పెట్టి చూపించారు. సరిగ్గా అక్కడే తొందరపడుతోంది. అప్పటి నుంచి రఫ్ దగ్గర ఎక్స్‌షీట్ మీద ఆవిడ సంతకం పడ్డాకే క్లీనప్‌కు పంపాం. నటనలో మార్పు ఏదైనా సంతకానికి ముందే. చివరి 40 షాట్లలో క్లీనప్ తర్వాత వెనక్కి వచ్చినవి రెండే.

ఫలితం

54వ పనిరోజున, నా అంచనా ప్రకారం పని అయిపోవాల్సిన రోజున, మా దగ్గర పనికొచ్చే బొమ్మలు వెయ్యి. సరైన పద్ధతి మొదలైంది ఆ రోజునే. మిగిలిన 3,100 బొమ్మలు అదే ఆరుగురు, రోజుకు 84 చొప్పున, 37 రోజుల్లో పూర్తి చేశారు. మొత్తం 91 రోజులు.

అదనపు ఖర్చులో సగం స్టూడియో భరించింది, ఎందుకంటే తప్పుడు అంచనా మాది. మిగతా సగానికి దర్శకురాలు అప్పు చేశారు. ఆ అప్పు సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మొదటి వారంలో ఒక్క గంట స్టాప్‌వాచ్ పట్టుకుని ఉంటే ఆ డబ్బు ఆవిడ దగ్గరే ఉండేది. అంచుతో కుస్తీ పట్టిన మొదటి నెలల్లో మా ఆర్టిస్ట్ ఒకాయనకు మణికట్టు నొప్పి పట్టుకుంది, మూడు వారాలు పెన్సిల్ పట్టలేదు. లెక్కల్లో అది మూడు వారాల సెలవు అని మాత్రమే కనిపిస్తుంది.

నేర్చుకున్నది, మార్చుకున్నది

విదేశీ సీరియళ్ళు చేసిన రోజుల్లో గీతల ఖర్చు మా దాకా వచ్చేది కాదు. మోడల్ షీట్ గీసినవాళ్ళు ఎక్కడో కూర్చుని దాన్ని ముందే కోసేసి పంపేవాళ్ళు. గుండీకి ఎంత ఖర్చో వాళ్ళకు తెలుసు. మేం చేతుల పని నేర్చుకున్నాం గానీ ఆ లెక్క నేర్చుకోలేదు. సొంత కథలు చేయాలనుకునే మన స్టూడియోలన్నింటికీ ఇది ఎదురవుతుంది. మన కథల్లో జరీ అంచులు, పూలజడలు, వడ్డాణాలు, ముగ్గులు ఉంటాయి. అవి ఉండాలి కూడా. ఒక్కొక్కటి ఎన్ని నిమిషాలో మోడల్ షీట్ ఆమోదించే రోజునే తెలియాలి.

ఇప్పుడు మా కొటేషన్ కాగితంలో ‘మాదిరి బొమ్మ, నిమిషాల్లో’ అని ఒక గడి ఉంది. అందరికంటే నిదానమైన చేతితో పది బొమ్మలు గీయించకుండా ఆ గడి నింపం, అది నిండకుండా క్లయింట్‌కు అంకె చెప్పం.

కాంట్రాక్ట్ వాళ్ళకు బొమ్మ లెక్కన ఒకే రేటు ఇవ్వడం మానేశాం. షాట్లను సాదా, మధ్యస్థం, పని ఎక్కువ అని మూడు రకాలు చేసి మూడు రేట్లు పెట్టాం. ఆ రేట్లు వేసేటప్పుడు టీ దగ్గర నాతో మాట్లాడిన కుర్రాడిని కూడా పిలిచి కూర్చోబెట్టాం. పని ఎక్కువ ఉన్న షాట్‌కు సాదా షాట్ మీద రెట్టింపు ఉండాలని రాశాడు. నా స్టాప్‌వాచ్ లెక్కలో 44కు 23, అంటే 1.9 రెట్లు. రెట్టింపే ఉంచాం.